బిట్లు తిప్పే ముందు గళ్ళు లెక్కపెట్టండి: పైతాన్‌లో బిట్ ఫ్లిప్పింగ్, మొదటి నుంచి చివరిదాకా

చాలా ఏళ్ళ కిందట ఒక ఆన్‌లైన్ కోడింగ్ టెస్టులో ఈ ప్రశ్న చూసి నవ్వుకున్నాను. ఇచ్చిన సంఖ్యను బైనరీలో, అంటే 0, 1 అంకెలతోనే రాసి, ప్రతి 0నీ 1గా, ప్రతి 1నీ 0గా మార్చాలట. దానికి భాషలోనే ఒక ఆపరేటర్ ఉందిగా! సంఖ్య ముందు టిల్డే గుర్తు ~ పెట్టి సబ్మిట్ కొట్టాను. టెస్ట్ కేసులన్నీ ఎర్రగా వచ్చాయి. 4294967290 రావాల్సిన చోట నా ప్రోగ్రామ్ -6 అని రాసి పెట్టింది.

టిల్డే తన పని తాను సరిగ్గానే చేసింది. ప్రశ్నలో రెండో వాక్యం నేను చదవలేదు: "32 బిట్ల అన్‌సైన్డ్ ఇంటిజర్". 32 బిట్లంటే 0 గానీ 1 గానీ పట్టే 32 గళ్ళు, అన్‌సైన్డ్ ఇంటిజర్ అంటే మైనస్ లేని పూర్ణసంఖ్య. బిట్లు తిప్పడంలో వచ్చే తప్పుల్లో నేను చూసినవన్నీ దాదాపు ఇక్కడే పుడతాయి. ఎన్ని గళ్ళు తిప్పాలో తేల్చుకోకుండా తిప్పడం మొదలుపెడతాం.

ఈ గైడ్‌లో కోడ్ అంతా పైతాన్ 3ది. షెల్ తెరిచి ఒక్కో లైనూ కొట్టి చూస్తూ చదవండి (>>> అనేది షెల్ చూపించే ప్రాంప్ట్, దాన్ని మీరు కొట్టనక్కర్లేదు). చదివి వదిలేస్తే ఇది రాదు.

1. ముందు కాగితం మీద

5ని బైనరీలో 101 అని రాస్తాం. తిప్పితే 010, అంటే 2.

ఇప్పుడు అదే 5ని ఎనిమిది గళ్ళు గీసి రాయండి.

5 → 0000 0101
తిప్పితే → 1111 1010 → 250

ముప్పై రెండు గళ్ళు గీస్తే జవాబు 4294967290. ఒకటే సంఖ్యకు మూడు జవాబులు, మూడూ కరెక్టే. సంఖ్య రాసేటప్పుడు ఎడమవైపు సున్నాల్ని మనం పట్టించుకోం, 007 అయినా 7 అయినా మనకొకటే. తిప్పేటప్పుడు మాత్రం ఆ పట్టించుకోని సున్నాలన్నీ ఒకట్లై లేచి కూర్చుంటాయి, పైగా పెద్ద విలువ ఉన్న గళ్ళు అవే.

కాబట్టి కీబోర్డు ముట్టుకోకముందే ఈ మూడింట్లో మీకు కావలసింది ఏదో తేల్చుకోండి: నిర్ణీత వెడల్పులో అన్ని గళ్ళా (8, 16, 32, 64), సంఖ్యకు సొంతంగా ఉన్న గళ్ళు మాత్రమేనా, లేక ఎంచుకున్న ఒకటో రెండో గళ్ళా? పద్ధతి దాన్నిబట్టి మారుతుంది.

ఇంకో మాట. ఫ్లిప్ వేరు, రివర్స్ వేరు. రివర్స్ అంటే కుడి ఎడమల తారుమారు: 00000101 కాస్తా 10100000 అవుతుంది, అంటే 160. ఇంటర్వ్యూలో కంగారు పడి ఒకటి అడిగితే ఇంకొకటి రాసినవాళ్ళున్నారు.

2. ~5 అంటే -6 ఎందుకు?

>>> ~5
-6
>>> ~0
-1

పైతాన్ ఇంటిజర్‌కు వెడల్పు అంటూ లేదు. ఎంత పెద్ద సంఖ్యనిచ్చినా మెమొరీ ఉన్నంతవరకు మోస్తుంది. అందుకని 5కి ఎడమవైపు సున్నాలు అంతులేకుండా ఉన్నట్టే దాని లెక్క. తిప్పితే ఒకట్లు అంతులేకుండా వస్తాయి. ఎడమవైపు అంతులేని ఒకట్లున్న సంఖ్యను కంప్యూటర్ మైనస్ సంఖ్యగా చదువుతుంది.

ఎందుకలా చదువుతుందో తెలియాలంటే పాత బైక్ మీటరు గుర్తుతెచ్చుకోండి. 00000 దగ్గరున్న మీటరును ఒక్క కిలోమీటరు వెనక్కి తిప్పితే 99999 చూపిస్తుంది. అంటే ఆ మీటరు భాషలో 99999 అంటే -1. బైనరీ మీటరులో అంకెలు రెండే కనక, సున్నా నుంచి ఒకటి వెనక్కి పోతే అన్నీ ఒకట్లు వస్తాయి. అన్నీ ఒకట్లంటే -1. టూస్ కాంప్లిమెంట్ అనే పెద్ద పేరు వెనక ఉన్నది ఇంతే.

ఇక మిగతాది చిటికెలో తేలిపోతుంది. ఏ సంఖ్యనైనా, దాన్ని తిప్పిన రూపాన్నీ కూడండి. ప్రతి గడిలో ఒకచోట 1 ఉంటే రెండోచోట 0 ఉంటుంది, కూడితే అన్నిచోట్లా 1. అన్నీ ఒకట్లంటే -1 కదా. 5 + ~5 = -1 కాబట్టి ~5 = -6. సూత్రంగా రాస్తే:

~సంఖ్య = -సంఖ్య - 1

అన్ని కంప్యూటర్లూ ఎప్పుడూ ఇలాగే లేవు. యూనివాక్ 1100 శ్రేణి యంత్రాలు వన్స్ కాంప్లిమెంట్ వాడేవి, అక్కడ 5లోని బిట్లన్నీ తిప్పితే వచ్చేది -5. సున్నాకు కూడా ప్లస్ సున్నా, మైనస్ సున్నా అని రెండు రూపాలుండేవి. సి++20, సి23 ప్రమాణాలు వచ్చాకే ఆ రెండు భాషల్లో టూస్ కాంప్లిమెంట్ అధికారికంగా తప్పనిసరి అయింది.

3. నిర్ణీత వెడల్పులో అన్ని బిట్లూ తిప్పడం

వెడల్పును పైతాన్‌కు మనమే చెప్పాలి. చెప్పే సాధనం పేరు మాస్క్: కావలసినన్ని గళ్ళలో ఒకట్లు నింపిన సంఖ్య.

>>> వెడల్పు = 8
>>> మాస్క్ = (1 << వెడల్పు) - 1
>>> మాస్క్
255

1ని ఎనిమిది గళ్ళు ఎడమకు జరిపితే 256, అంటే ఒకటి పక్కన ఎనిమిది సున్నాలు. అందులోంచి ఒకటి తీస్తే మళ్ళీ మన మీటరు కథే: ఆ ఎనిమిది సున్నాలూ ఒకట్లవుతాయి.

బ్రాకెట్లు మరిచిపోకండి. పైతాన్‌లో తీసివేత షిఫ్ట్ కంటే ముందు జరుగుతుంది.

>>> 1 << 8 - 1
128

ఎర్రర్ రాదు, వార్నింగ్ రాదు, 255 బదులు 128 చేతిలో పెట్టి ఊరుకుంటుంది. ఈ ఒక్క లైను వల్ల నా సాయంత్రం ఒకటి మొత్తం పోయింది.

తెలుగు పేర్లతో కోడ్ నడుస్తుందా అని అనుమానం రావచ్చు. పైతాన్ 3లో నిక్షేపంగా నడుస్తుంది. ఒక్క చిక్కుంది: "సైన్‌బిట్" లాంటి పేరులో పొల్లు హల్లుకూ తర్వాతి అక్షరానికీ మధ్య మన కీబోర్డులు కంటికి కనిపించని ఒక విడదీసే గుర్తును పెడతాయి. పైతాన్ దాన్ని ఒప్పుకోదు, సింటాక్స్ ఎర్రర్ ఇస్తుంది. అటువంటి పేర్లు మానుకోండి. ఆఫీసు కోడ్‌లో తెలుగు పేర్లు పెట్టమని మాత్రం నేను చెప్పను, నేర్చుకోవడానికి హాయిగా ఉంటుందని ఇక్కడ పెట్టాను.

మాస్క్ తయారయ్యాక తిప్పడానికి మూడు దారులున్నాయి.

>>> 5 ^ మాస్క్
250
>>> ~5 & మాస్క్
250
>>> మాస్క్ - 5
250

మొదటిది ఎక్సార్ (^). 1తో ఎక్సార్ చేసిన బిట్ తిరగబడుతుంది, 0తో చేసినది అలాగే ఉంటుంది. మాస్క్‌లో ఉన్నవన్నీ ఒకట్లే కాబట్టి అన్నీ తిరగబడతాయి. రెండోది ముందు అంతులేకుండా తిప్పేసి, తర్వాత &తో కావలసిన గళ్ళు మాత్రమే కత్తిరించి ఉంచుకుంటుంది (రెండుచోట్లా 1 ఉన్న గడిలోనే & 1 ఉంచుతుంది).

మూడోది తీసివేత. తీసివేతకూ బిట్లకూ సంబంధమేమిటంటారా? 99999లోంచి 00123 తీసేసి చూడండి: 99876. ఎక్కడా అప్పు తెచ్చుకోవాల్సిన పని లేదు, పైన అన్నీ తొమ్మిదులే కాబట్టి. 255 అంటే బైనరీలో అన్నీ ఒకట్లు, అక్కడా అంతే. ఏ గడికాగడి విడిగా 1 - 0 లేదా 1 - 1 అవుతుంది. అంటే తిరగబడుతుంది.

బిట్ల సంగతి తెలియకుండానే ఈ తీసివేతను వాడేవాళ్ళు చాలామంది ఉన్నారు. నెట్‌వర్క్ ఇంజినీరు 255.255.255.240 అనే సబ్‌నెట్ మాస్క్ నుంచి వైల్డ్‌కార్డ్ మాస్క్ కావాలంటే ప్రతి భాగాన్నీ 255లోంచి తీసేసి 0.0.0.15 అని రాసుకుంటాడు. ఫొటోను నెగెటివ్‌గా మార్చే ప్రోగ్రామ్ ప్రతి పిక్సెల్ విలువనూ 255లోంచి తీస్తుంది, నలుపు 0 కాస్తా తెలుపు 255 అవుతుంది. ఇద్దరూ చేసేది ఎనిమిది బిట్ల ఫ్లిప్పే.

మూడు దారులూ ఒకటేనా? సంఖ్య ఎనిమిది గళ్ళలో పట్టినంతవరకు ఒకటే. పట్టకపోతే చూడండి:

>>> 300 ^ 255
467
>>> ~300 & 255
211
>>> 255 - 300
-45

ఎక్సార్ కింది ఎనిమిది గళ్ళే తిప్పి, తొమ్మిదో గడిని ముట్టుకోకుండా వదిలేసింది. రెండోది తొమ్మిదో గడిని కోసి పారేసింది. మూడోది ఏకంగా మైనస్‌లోకి పోయింది. ఇందులో "సరైన" జవాబు అంటూ లేదు, వెడల్పు తప్పు చెప్పిన పాపం మనది. నేను రెండో దారినే వాడతాను. జవాబు ఎప్పుడూ 0కీ మాస్క్‌కీ మధ్యే ఉంటుందన్న భరోసా దానికే ఉంది. మైనస్ సంఖ్య వచ్చినా అది తడబడదు:

>>> ~(-6) & 255
5
>>> -6 ^ 255
-251

టెస్టులో నేను తప్పిన 32 బిట్ల లెక్కకు మాస్క్ 4294967295. ఇదే ప్రశ్న హ్యాకర్‌ర్యాంక్ అనే కోడింగ్ సాధన సైటులో "ఫ్లిప్పింగ్ బిట్స్" పేరుతో ఉంది. 1 ఇస్తే 4294967294, 0 ఇస్తే 4294967295 రావాలి.

4. ఒక్క బిట్‌ను మాత్రమే తిప్పడం

మాస్క్‌లో ఒకే ఒక్క 1 ఉంచి ఎక్సార్ చేస్తే సరి. గళ్ళను కుడి నుంచి, సున్నా నుంచి లెక్కపెట్టాలి.

>>> 5 ^ (1 << 1)
7
>>> 7 ^ (1 << 1)
5

రెండుసార్లు తిప్పితే మొదటికి వచ్చింది. ఇంట్లో లైటు స్విచ్ లాంటిదే. ఆన్‌లో ఉందా ఆఫ్‌లో ఉందా అని చూడనక్కర్లేదు, నొక్కడమే.

దీనికి పుస్తకాల్లో ఇచ్చే ఉదాహరణ ఇంగ్లిష్ అక్షరాలది: పెద్ద బడి (A), చిన్న బడి (a) అక్షరాల కోడ్‌ల మధ్య తేడా 32, అంటే ఒకే బిట్. మనకు అంతకంటే ముచ్చటైనది ఉంది. ప్రతి అక్షరానికీ ఒక నంబరు ఇచ్చే యూనికోడ్‌లో తెలుగు "క" కోడ్ 3093. కన్నడ "క" కోడ్ 3221.

>>> 3093 ^ 128
3221

ఒక్క బిట్ తిప్పితే తెలుగు కన్నడమైపోయింది! ఏడో నంబరు గడి అది (సున్నా నుంచి లెక్క). యూనికోడ్‌లో రెండు లిపులూ పక్కపక్క బ్లాకులు, లోపలి వరసా ఒకటే. "గ"కూ "మ"కూ "ళ"కూ ఇదే లెక్క పనిచేస్తుంది. ౘ, ౙ లాంటివి కన్నడ బ్లాకులో లేవు కాబట్టి వాటి దగ్గర ఆగిపోతుంది. దేవనాగరికి పోవాలంటే మాత్రం రెండు బిట్లు తిప్పాలి: 3093 ^ 1280 చేస్తే 2325, హిందీ "క". ఒకే తల్లి లిపి నుంచి విడిపోయిన తెలుగు, కన్నడలు కంప్యూటర్లో ఒక్క బిట్ దూరంలో సర్దుకోవడం చూసిన ప్రతిసారీ నాకు సరదాగా ఉంటుంది. షెల్‌లో ఆర్డ్ (ord) ఫంక్షన్‌కు అక్షరం ఇస్తే కోడ్ వస్తుంది, సీహెచ్ఆర్ (chr) ఫంక్షన్‌కు కోడ్ ఇస్తే అక్షరం వస్తుంది. మీ పేరుతో చేసి చూడండి.

మనం తిప్పకుండానే బిట్ తిరగబడితే? 2003 మే 18న బెల్జియం ఎన్నికల్లో, స్కార్‌బీక్ అనే చోట ఒక అభ్యర్థికి రావడానికి వీల్లేనన్ని ఓట్లు వచ్చాయి. మళ్ళీ లెక్కిస్తే తేడా సరిగ్గా 4096 అని తేలింది. 4096 అంటే 1 << 12. ప్రోగ్రామ్‌లో తప్పేమీ దొరకలేదు. మెమొరీలో ఒక్క బిట్ తనంతట తాను తిరగబడి ఉంటుందని నిర్ధారణకొచ్చారు. లెక్కల్లో అంతుపట్టని తేడా వచ్చినప్పుడు అది 2 ఘాతమేమో చూడటం నాకు అప్పటి నుంచీ అలవాటు.

5. మధ్యలో కొన్ని బిట్లు

రెండో నంబరు గడి నుంచి (సున్నా నుంచి లెక్క) మూడు గళ్ళు తిప్పాలనుకుందాం. మూడు గళ్ళ మాస్క్ చేసి రెండు గళ్ళు జరపండి.

>>> మాస్క్ = ((1 << 3) - 1) << 2
>>> మాస్క్
28
>>> 37 ^ మాస్క్
57

37 అంటే 100101. 28 అంటే 011100. ఎక్సార్ 111001, అంటే 57. ఇక్కడ ~ జోలికి పోకండి, ఎక్సార్ ఒక్కటే సరైనది. మిగతా గళ్ళను కదపకూడదు కదా.

6. సంఖ్య సొంత బిట్లు మాత్రమే

5 ఇస్తే 2 రావాలనే లెక్క ఇది. లీట్‌కోడ్ అనే ఇంకో సాధన సైటులో 476వ ప్రశ్న. అన్నిటికంటే పై 1 ఎక్కడుందో కనుక్కుని, అక్కడి నుంచి కిందికి ఒకట్లు నింపిన మాస్క్ కావాలి. పైతాన్‌లో ఇంటిజర్‌కు బిట్ లెంగ్త్ (bit_length) అనే మెథడ్ ఉంది, రెండు మాటల మధ్య అండర్‌స్కోర్. 37కి అది 6 ఇస్తుంది, ఆ 6ను వెడల్పుగా పెట్టుకుంటే మూడో అంచె మళ్ళీ చేసినట్టే.

ఆ మెథడ్ లేని భాషలో పై ఒకటిని కిందికి పూసుకుంటూ రావాలి (>> కుడికి జరుపుతుంది, | రెంటిలో ఎక్కడ 1 ఉన్నా 1 ఉంచుతుంది):

>>> సంఖ్య = 37
>>> పూత = సంఖ్య
>>> పూత |= పూత >> 1
>>> పూత
55
>>> పూత |= పూత >> 2
>>> పూత
63
>>> సంఖ్య ^ పూత
26

100101 ముందు 110111 అయింది, తర్వాత 111111. పైనున్న ఒక 1 రెండైంది, ఆ రెండు నాలుగయ్యాయి. అందుకే 32 బిట్లకైనా 1, 2, 4, 8, 16 అని అయిదు జరుపుళ్ళు చాలు.

ఇందులో రెండు గుంటలున్నాయి. మొదటిది సున్నా. సున్నాకు బిట్ లెంగ్త్ సున్నా, మాస్క్ సున్నా, జవాబు సున్నా. కానీ "0" అనే ఒక్క అంకెను తిప్పితే "1" రావాలని అడిగే ప్రశ్నలున్నాయి. లీట్‌కోడ్ 1009 అదే. 476లో సున్నా ఇవ్వనే ఇవ్వరు. రెండూ ఒకటే అనుకుని కోడ్ కాపీ కొడితే 1009లో దొరికిపోతారు.

రెండోది ఇంకా లోతైనది. ఈ పద్ధతిలో రెండుసార్లు తిప్పితే మొదటికి రాదు. 5 తిప్పితే 2, 2 తిప్పితే 1, 1 తిప్పితే 0. పై ఒకటి సున్నా అవ్వగానే వెడల్పు తగ్గిపోతుంది, వెడల్పు ఎంతుండేదో గుర్తుపెట్టుకునేవాళ్ళు లేరు. డేటాను దాచి మళ్ళీ తీసే పనికి దీన్ని వాడకండి.

స్ట్రింగ్‌గా మార్చి 0, 1 అక్షరాలను తారుమారు చేసే పద్ధతి కూడా చాలామంది రాస్తారు. అది కూడా తెలియకుండానే ఈ కోవలోకి వచ్చేస్తుంది. ముందు సున్నాలు పేర్చకపోతే 250 బదులు 2 ఇస్తుంది.

7. వేరే భాషలకు పోయినప్పుడు

సి, జావా, జావాస్క్రిప్ట్, సీ షార్ప్ అన్నిట్లో గుర్తు ~ ఒక్కటే. గో భాషలో దీనికి ^ వాడతారు, సంఖ్య ముందు ఒంటరిగా. రస్ట్‌లో ఆశ్చర్యార్థకం. గుర్తు సంగతి వెతికితే నిమిషంలో దొరుకుతుంది, వెడల్పు సంగతే జాగ్రత్తగా చూసుకోవాలి.

సిలో ఎనిమిది బిట్ల అన్‌సైన్డ్ క్యారెక్టర్‌లో 5 పెట్టి ~ చేస్తే 250 వస్తుందనుకుంటాం. లెక్కకు ముందే సి దాన్ని మామూలు ఇంట్‌గా పెంచేస్తుంది కాబట్టి వచ్చేది -6. తిరిగి ఎనిమిది బిట్లలోకి సర్దితేనే 250. జావా బైట్‌నూ ఇలాగే ఇంట్‌గా పెంచేస్తుంది, అయితే ఆ బైట్ సైన్డ్ (మైనస్ కూడా పట్టే రకం) కాబట్టి తిరిగి సర్దినా -6గానే ఉంటుంది. రస్ట్ ఇలా పెంచదు, ఎనిమిది బిట్ల అన్‌సైన్డ్‌కు నేరుగా 250 ఇస్తుంది.

32 బిట్ల మాస్క్ కోసం సిలో మామూలు ఇంట్‌తో 1 << 32 రాయకండి. వెడల్పుకు సమానంగా జరపడం అక్కడ నిర్వచనం లేని పని, ఏమైనా రావచ్చు. జావాలో జరిపే దూరాన్ని 32తో భాగించి శేషమే తీసుకుంటారు, కాబట్టి 1 << 32 అంటే మళ్ళీ 1. సిలో పోలికకు కూడా బ్రాకెట్లు కావాలి: 5 ^ 255 == 250 అని రాస్తే ముందు 255 == 250 తేల్చి, ఆ సున్నాతో ఎక్సార్ చేస్తుంది. పైతాన్‌లో ఈ బాధ లేదు.

జావాస్క్రిప్ట్ బిట్ ఆపరేటర్లు మామూలు సంఖ్యను ముందు 32 బిట్ల సైన్డ్‌గా కుదిస్తాయి. అన్‌సైన్డ్ జవాబు కావాలంటే:

(~5) >>> 0 → 4294967290

ఆ మూడు గుర్తులూ పైతాన్ ప్రాంప్ట్ కాదు, సైన్ చూడకుండా కుడికి జరిపే ఆపరేటర్. 32 బిట్లు దాటిన సంఖ్యనిస్తే పై భాగం మాటామంతీ లేకుండా పోతుంది: ~4294967296 చేస్తే -1.

మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లో ~5 అడిగితే 18446744073709551610 చూసి కంగారు పడకండి. అది 64 బిట్ల అన్‌సైన్డ్‌లో జవాబిస్తుంది.

8. ఆఫీసులో ~ నిజంగా ఎక్కడ వాడతాం

మొత్తం సంఖ్యను తిప్పే పని పరీక్షల్లోనే ఎక్కువ. రోజూ రాసే కోడ్‌లో ~ దాదాపు ఎప్పుడూ & పక్కనే కనిపిస్తుంది, కొన్ని బిట్లు ఆర్పడానికి. లైనక్స్‌లో కొత్త ఫైలుకు అనుమతులు ఇలాగే తేలతాయి. ఆక్టల్‌లో (0 నుంచి 7 దాకా అంకెలే ఉండే లెక్కలో) అడిగిన అనుమతులు 666, ఏ బిట్లు ఆర్పాలో చెప్పే యూమాస్క్ 022 అయితే 644 వస్తుంది. అదే దశాంశంలో:

>>> 438 & ~18
420

ఇక్కడ వెడల్పు ఎందుకు చెప్పలేదు? ~18లో ఎడమవైపు అంతులేని ఒకట్లున్నాయి నిజమే. కానీ 438లో అక్కడ సున్నాలే, & చేయగానే అన్నీ రాలిపోయాయి. ~ను ఏళ్ళ తరబడి వాడినవాళ్ళకు కూడా ఈ వెడల్పు గొడవ ఎదురుపడకపోవడానికి కారణం ఇదే.

డేటా పనిలో ఉన్నవాళ్ళకు ఒక హెచ్చరిక. పైతాన్ డేటా లైబ్రరీ పాండాస్‌లో బూలియన్ (నిజం, అబద్ధం విలువలుండే) కాలమ్ ముందు ~ పెడితే నిజం అబద్ధమవుతుంది. కానీ కాలమ్‌లో ఒక్క ఖాళీ విలువ దూరి, తర్వాత దాన్ని తీసేసినా కాలమ్ రకం ఆబ్జెక్ట్‌గానే మిగిలిపోవచ్చు. అప్పుడు ~ మామూలు పైతాన్ బూలియన్ మీద పడుతుంది. పైతాన్ బూలియన్ అంటే లోపల 1 లేదా 0. వాటిని తిప్పితే -2, -1. రెండూ సున్నా కావు, అంటే రెండూ "నిజమే"! ఇలా తిప్పడాన్ని పైతాన్ 3.12 నుంచి వద్దంటూ హెచ్చరిస్తున్నారు. పాత వెర్షన్లో అదీ లేదు. ఆ కాలమ్‌ను ముందు బూల్ రకంలోకి మార్చుకుని, ఆ తర్వాతే ~ పెట్టండి.

9. రాసింది సరిపోయిందో లేదో

నిర్ణీత వెడల్పు ఫ్లిప్ ఏ భాషలో రాసినా నాలుగు పరీక్షలు పెట్టండి. సున్నా ఇస్తే మాస్క్ రావాలి. మాస్క్ ఇస్తే సున్నా రావాలి. రెండుసార్లు తిప్పితే ఇచ్చిన సంఖ్యే రావాలి. సంఖ్యనూ దాని ఫ్లిప్‌నూ కూడితే మాస్క్ రావాలి.

>>> వెడల్పు = 32
>>> మాస్క్ = (1 << వెడల్పు) - 1
>>> సంఖ్య = 2147483647
>>> తిప్పినది = ~సంఖ్య & మాస్క్
>>> తిప్పినది
2147483648
>>> ~తిప్పినది & మాస్క్
2147483647
>>> సంఖ్య + తిప్పినది
4294967295

పరీక్షకు 5 లాంటి చిన్న సంఖ్యతో సరిపెట్టుకోకండి. 2147483647ను కావాలనే తీసుకున్నాను: పై గడి తప్ప 31 గళ్ళూ ఒకట్లే. తిప్పగానే ఆ పై గడి ఒక్కటే వెలుగుతుంది. 32 బిట్ల సైన్డ్ భాషల్లో సైన్ బిట్ అదే. అక్కడ 2147483648 బదులు -2147483648 కనిపిస్తే, వెడల్పు 32 దగ్గరే ఉంది, అన్‌సైన్డ్‌గా చదవడం ఒక్కటే మిగిలిందన్నమాట.